క్యాడీ తప్పుకున్నాకే పాదం పెట్టాలి: గోల్ఫ్‌లో ఆ నిబంధనను పాటించడం ఎలా

2019 జనవరి 27న దుబాయ్‌లోని ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో డెజర్ట్ క్లాసిక్ చివరి రౌండు జరిగింది. ముందటి ఏడాది అదే టోర్నమెంటు గెలిచిన చైనా ఆటగాడు లీ హావోతోంగ్, 18వ హోల్‌లో చిన్న పట్ (బంతిని నేల మీద దొర్లించి గుంటలో వేసే దెబ్బ) వేసి బర్డీతో, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల కన్నా ఒకటి తక్కువతో, రౌండు ముగించాడు. ఆ పట్ కోసం ఆయన పాదాలు సర్దుకోవడం మొదలుపెట్టిన క్షణానికి సంచీ మోసే క్యాడీ మైక్ బరో బంతి వెనుక, గురికి సూటిగా ఉండే ఊహా గీత మీద నుంచి ఇంకా తప్పుకోలేదని రిఫరీలు తేల్చారు. దాంతో రెండు స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ పడి, నాలుగుగా రాయాల్సిన స్కోరు ఆరైంది. మరికొందరితో కలిసి మూడో స్థానంలో నిలవాల్సినవాడు పన్నెండో స్థానానికి జారిపోయాడు, బహుమతి సొమ్ములో సుమారు లక్ష డాలర్లు పోగొట్టుకున్నాడు. ఆటగాడు పాదం పెట్టడం మొదలుపెట్టాక క్యాడీ ఆ గీత మీద నిలబడకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చి అప్పటికి నిండా నెల కాలేదు.

లీకి జరిగింది ఘోరమైన అన్యాయమని అప్పటి యూరోపియన్ టూర్ అధిపతి కీత్ పెల్లీ బహిరంగంగానే అన్నాడు. అయితే తన రిఫరీలు పుస్తకంలో ఉన్నదే అమలు చేశారని, వాళ్ల చేతిలో వెసులుబాటు లేదని కూడా ఒప్పుకున్నాడు. నిబంధనలు రాసే రెండు సంస్థల్లో ఒకటైన ఆర్ అండ్ ఏకు అప్పటి అధిపతి మార్టిన్ స్లంబర్స్ తీర్పు సరైనదేనని నిలబడ్డాడు. ఆ వాదన మన దాకా రాలేదులే అనుకుంటే పొరపాటే. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఆడినా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడినా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడినా, పోటీ అంటూ పెడితే వర్తించేది అవే నిబంధనలు. పైగా మన దగ్గర వారాంతపు ఆటగాడి వెంట కూడా క్యాడీ ఉంటాడు కాబట్టి, ఈ తప్పు జరిగే అవకాశం మనకే ఎక్కువ.

నేనూ ఒకసారి దీని పాలబడ్డవాడినే. ఒక క్లబ్బు నెలవారీ పోటీలో, ఏళ్ల తరబడి నా సంచీ మోసిన పెద్దాయన ఫెయిర్‌వే (గుంట వైపు సాగే కత్తిరించిన గడ్డి) మీద ఎప్పటిలాగే నా వెనుక నిలబడి, నేను పాదాలు సర్దుకుంటుంటే "కొంచెం ఎడమకి సార్, ఇంకొంచెం, బస్, ఠీక్ హై" అన్నాడు. నేను కొట్టాను, బంతి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీద పడింది, ఇద్దరం సంతోషించాం. నా స్కోరు రాస్తున్న తోటి ఆటగాడు మాత్రం సంతోషించలేదు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం కాబట్టి రెండు స్ట్రోకులూ కలుపుకుని కార్డు ఇచ్చాను. ఆ తరువాత నేనూ నా క్యాడీ కూర్చుని అలవాటు చేసుకున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ఆ గీతను కంటితో చూడటం నేర్చుకోండి

నిబంధనల పుస్తకంలో ఇది 10.2బి(4). మీరు బంతిని పంపదలచుకున్న దారిని ఒక దారంలా ఊహించుకుని, ఆ దారాన్ని బంతి మీదుగా వెనక్కి లాగండి. వెనుక ఆ దారం మీద, దానికి దగ్గరగా ఉన్న చోటే క్యాడీకి నిషిద్ధ ప్రదేశం. మీరు స్టాన్స్ (కొట్టడానికి పాదాలు సర్దుకుని నిలబడే తీరు) తీసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి స్ట్రోక్ పూర్తయ్యేదాకా, మీ గురి సరిచేయడం కోసం క్యాడీ అక్కడ నిలబడకూడదు. "దగ్గరగా" అంటే ఎన్ని అడుగులో పుస్తకం లెక్క కట్టదు. మీ పాదాలూ భుజాలూ ఎటు చూస్తున్నాయో చెప్పగలిగిన కోణంలో ఉన్నాడా లేదా అన్నదే నేను పెట్టుకున్న కొలత.

ఒక్క మెలిక గుర్తుంచుకోవాలి. దారం వెళ్లేది గుంటలో పాతిన జెండా వైపు కాదు, మీరు కొట్టదలచుకున్న వైపు. పట్ కుడికి వంపు తిరిగేదైతే మీరు గురి పెట్టేది కప్పుకు (గుంటకు) ఎడమగా ఎక్కడో ఉంటుంది, వెనుక గీత కూడా దాన్నిబట్టే మారుతుంది. జెండాకు సూటిగా లేను కదా అని క్యాడీ ధీమాగా నిలబడిన చోటే అసలు గీత మీద ఉండవచ్చు.

ఈ నిషేధం ఎందుకు పెట్టారో తెలిస్తే పాటించడం తేలిక. శరీరాన్ని, పాదాలను లక్ష్యానికి సరిగ్గా సర్దుకోవడం ఆటగాడి నైపుణ్యంలో భాగం, దాన్ని అద్దెకు తెచ్చుకోకూడదన్నది రాసినవాళ్ల ఉద్దేశం. అప్పటిదాకా మహిళల టూర్‌లో పలువురు పేరున్న క్రీడాకారిణులు ప్రతి షాట్‌కూ క్యాడీని వెనుక నిలబెట్టుకుని గురి సరిచూసుకునేవారు. పుస్తకం 2018లో బయటకు వచ్చి 2019 జనవరి 1న అమలయ్యాక ఆ అలవాటు ఆగింది. ఈ ఉద్దేశం నాకు సబబుగానే తోస్తుంది. సంచీ మోయడం, దూరం చెప్పడం, గాలి చూడటం, క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) ఎంచడంలో సలహా ఇవ్వడం సాయాలు. పాదాలు సర్దిపెట్టడమంటే ఆటలో కొంత ఆయనే ఆడేసినట్టు.

లెక్క మొదలయ్యేది మొదటి పాదంతో

జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. క్యాడీ వెనుక నిలబడటం తప్పు కాదు. మీరు బంతి వెనుక నిలబడి దారి చూస్తున్నంతసేపు ఆయనా మీ పక్కనే నిలబడి చూడవచ్చు, చేయి చాపి చెట్టునో గుట్టనో చూపి అటు కొట్టమనవచ్చు. ఆ స్ట్రోక్ కోసం కనీసం ఒక పాదం దాని చోట పెట్టారంటే స్టాన్స్ మొదలైనట్టేనని 2019 ఫిబ్రవరి 6న ఇచ్చిన వివరణలో తేల్చిచెప్పారు. కాబట్టి రెండో పాదం కూడా పెట్టేలోపు తప్పుకుంటాడులే అన్న లెక్క చెల్లదు. ఆయన కదలిక ముందు, మీ పాదం తరువాత. రెండూ ఒకేసారి జరిగాయంటే మీరు అప్పటికే వాదన పుట్టే చోటికి వచ్చినట్టు.

లీ విషయంలో జరిగింది సరిగ్గా ఆ ఒకేసారి జరగడమే. క్యాడీ ఆయన గురిని సరిచూశాడని గట్టిగా చెప్పగలిగినవారు లేరు, చూడలేదని నిరూపించే మార్గమూ లేదు. అప్పటి నిబంధన మాటలు సాయం జరిగిందా అని అడగలేదు, ఏ కారణంగానైనా సరే కావాలని అక్కడ నిలబడ్డాడా అని మాత్రమే అడిగాయి. అందుకే నా దృష్టిలో తప్పు రిఫరీది కాదు, ఆ మాటల కూర్పుది. రిఫరీ ఆ రోజు జాలిపడి వదిలేసి ఉంటే, మర్నాడు మరొకరిని పట్టుకోవడానికి ఆధారమే ఉండేది కాదు.

క్యాడీతో కూర్చుని క్రమం కుదుర్చుకోండి

ఈ పని మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర కాదు, ఆటకు ముందురోజో, కనీసం పట్టింగ్ గ్రీన్ మీద సాధన చేస్తున్నప్పుడో జరగాలి. మన క్యాడీల్లో చాలామంది నిబంధనల పుస్తకం చదివి కాదు, చిన్నప్పటి నుంచి సంచీ మోసి ఆట నేర్చుకున్నవారు. యజమానిని సరిగ్గా నిలబెట్టడమే మంచి క్యాడీ లక్షణమని వాళ్లకు నేర్పింది మనమే. ఇప్పుడు అదే పని చేస్తే కసురుకోవడం న్యాయం కాదు. "అన్నా, నేను కాలు పెట్టకముందే నువ్వు సంచీ దగ్గరికి వెళ్లిపోవాలి, లేకపోతే నాకు రెండు షాట్లు పోతాయి" అని ఒక్కసారి చెప్పండి, ఒక రౌండంతా అలాగే చేయించండి. కారణం తెలిసిన మనిషి మరిచిపోడు.

గ్రీన్ మీద మేము పాటించే వరుస ఇది. నేను బంతి వెనుక గొంతుకు కూర్చుని దారి చూస్తాను. ఆయన నా వెనుక వంగి చూసి, "కప్పు ఎడమ అంచుకి ఒక బంతి బయట, నెమ్మదిగా" అంటాడు. సరేనని నేను తల ఊపుతాను. ఆయన లేచి, నేను బంతికి ఏ పక్కన నిలబడబోతున్నానో ఆ పక్కనే, నా వీపు వైపు నాలుగడుగులు వేసి, సంచీ మీద చేయి వేస్తాడు. సంచీ బకెళ్ల చప్పుడు నాకు వినిపిస్తుంది. నేను బంతి దగ్గరికి నడిచేది ఆ చప్పుడు విన్న తరువాతే. తలతిప్పి చూడాల్సిన అవసరం లేకుండా చెవికి అందే గుర్తు ఒకటి పెట్టుకోవడం ఇందులో కీలకం, ఎందుకంటే పట్ మీద ధ్యాస పెట్టినవాడికి వెనుక ఎవరున్నారో కనబడదు. సంచీని మాత్రం ముందే గీతకు దూరంగా పెట్టించండి. గీత మీదే పెడితే ఆయన తప్పుకోవడానికి వెళ్లి మళ్లీ గీత మీదికే చేరతాడు.

ఆయన ఏమీ మాట్లాడకుండా పక్కకు జరిగితే చాలుననుకోవడం ఇంకో పొరపాటు. మీరు పాదాలు సర్దుకుంటుండగా ఆయన వెనుక నిలబడి, సరిగ్గా కుదిరాక మాత్రమే మౌనంగా తప్పుకుంటే, ఆ తప్పుకోవడమే "ఠీక్ హై" అన్న సైగ అవుతుంది. 2023లో నిబంధనను తిరగరాసినప్పుడు ఈ మాట పుస్తకంలోనే చేర్చారు. పక్కన నిలబడి మాట సాయం చేయడానికి మాత్రం అడ్డులేదు. నిషేధం చోటుకు, ఆ చోటు నుంచి అందే గురికి.

పొరపాటు జరిగిపోయిందనిపిస్తే వెనక్కి తగ్గండి

బంతి గ్రీన్ మీద ఉన్నప్పుడు పుస్తకం మీకు స్పష్టమైన మినహాయింపు ఇచ్చింది. క్యాడీ వెనుక ఉండగానే పాదం పెట్టేశారని గ్రహిస్తే స్ట్రోక్ చేయకండి. పూర్తిగా వెనక్కి రండి, ఆయన్ను నిషిద్ధ ప్రదేశం నుంచి బయటకు పంపండి, తరువాత మొదటి నుంచి స్టాన్స్ తీసుకోండి. పెనాల్టీ ఉండదు. లీ ఆ రోజు ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఈ వ్యాసం మరో ఉదాహరణతో మొదలయ్యేది. ఈ మినహాయింపు 2019 మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఫెయిర్‌వే మీద ఉన్నప్పటి కథ వేరు. దుబాయ్ రగడ చల్లారక ముందే, ఫిబ్రవరి 1న అమెరికాలో ఫీనిక్స్ ఓపెన్ రెండో రౌండులో డెనీ మెకార్తీకి ఇలాగే రెండు స్ట్రోకులు పడ్డాయి. టీపీసీ స్కాట్స్‌డేల్ 15వ హోల్‌లో గ్రీన్‌కు బయటి నుంచి కొట్టబోతూ, క్యాడీ వెనుక ఉండగా బంతి దగ్గర నిలబడి, మళ్లీ వెనక్కి తగ్గి, కొత్తగా నిలబడి కొట్టాడు. గ్రీన్ మీద ఇదే చేసి ఉంటే తప్పు లేదు, గ్రీన్ బయట కాబట్టి తప్పన్నారు. ఆటగాళ్లు మండిపడ్డారు. మర్నాడే ఆ పెనాల్టీని రద్దు చేశారు. నాలుగు రోజులకు ఆర్ అండ్ ఏ, అమెరికా సంస్థ యూఎస్‌జీఏ కలిసి వివరణ ఇస్తూ, వెనక్కి తగ్గితే ఆ స్టాన్స్ లెక్కలోకి రాదని, ఇది మైదానంలో ఎక్కడైనా వర్తిస్తుందని చెప్పాయి. 2023 పుస్తకంలో మాత్రం గురి సాయం విషయంలో మినహాయింపుగా విడిగా అచ్చయింది గ్రీన్ మీది బంతికే. అందువల్ల నా సలహా ఒకటే: గ్రీన్ బయట వెనక్కి తగ్గడాన్ని రక్షణగా నమ్ముకోకండి, అక్కడ క్యాడీని ఇంకా ముందే పంపేయండి. ఒకవేళ పొరపాటు జరిగితే వెనక్కి తగ్గండి, ఆ మీదట జరిగినది జరిగినట్టు పోటీ నడిపే కమిటీకి చెప్పండి.

వివరణ వచ్చినంత మాత్రాన రిఫరీలు మెత్తబడలేదు. అదే ఏడాది మార్చి 1న ఫ్లోరిడాలో హోండా క్లాసిక్ రెండో రౌండులో ఆడం షెంక్ బంకర్‌లో (ఇసుక గుంటలో) నుంచి కొట్టినప్పుడు క్యాడీ వెనుక ఉన్నాడని తేలి రెండు స్ట్రోకులు పడ్డాయి. అవి అలాగే ఉండిపోయాయి.

వెనుక నిలబడినా తప్పు కానివి

2023 మార్పుతో నిబంధన ప్రశ్నే మారింది. ఇప్పుడు అడిగేది గురికి సాయం చేశాడా అని. అందువల్ల కొన్ని సందర్భాల్లో ఊపిరి పీల్చుకోవచ్చు. మీరు చెట్టు కింద ఉండి క్లబ్బు వెనక్కి ఎత్తితే కొమ్మకు తగులుతుందో లేదో చూడమని క్యాడీని అడగవచ్చు. కార్టు దారి మీ స్టాన్స్‌కు అడ్డమవుతుందా అని చూడమనవచ్చు. దాని కోసం ఆయన గీత మీదికి వచ్చినా, గురికి సాయపడకుండా, స్ట్రోక్‌కు ముందే తప్పుకుంటే చాలు. మీరు స్టాన్స్ తీసుకుంటున్నారని ఆయనకు తెలియకపోయినా, తానున్నది గీత మీదని తెలియకపోయినా తప్పు కాదు. మీ వెనుక బంకర్‌లో ఇసుక సర్దుతూ, మీకు వీపు పెట్టి ఉన్న మనిషిని తలుచుకోండి. ఆయన మీ పాదాలు సర్దడం లేదు, ఇసుక సర్దుతున్నాడు.

అయితే ఈ వెసులుబాటును సాకుగా వాడకండి. కొమ్మ చూస్తున్నానంటూ ప్రతి షాట్‌కూ వెనుక చేరే క్యాడీని తోటి ఆటగాళ్లు రెండో హోల్‌కే కనిపెడతారు.

దీని పక్కనే ఉన్న మరికొన్ని

నేల మీద క్లబ్బో కర్రో పెట్టి దాని వెంట పాదాలు సర్దుకోవడం 10.2బి(3) కింద నిషిద్ధం. ఇందులో స్టాన్స్ తీసుకున్నాక వెనక్కి తగ్గి ఆ వస్తువును తీసేసినా పెనాల్టీ తప్పదు. మన ఎండల్లో ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది: స్ట్రోక్ కొడుతుండగా క్యాడీ మీకు గొడుగు పట్టకూడదు. మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో చిన్న పట్ వేసుకుంటే దోషం లేదు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఫోర్‌బాల్, ఫోర్‌సమ్ ఆటల్లో మీ భాగస్వామికి కూడా గీత వెనుక నిలబడే విషయంలో ఆంక్షలున్నాయి, "చూసి పెట్టు బ్రదర్" అని పిలవకండి.

పెనాల్టీ స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో (ఒక్కో హోల్‌కూ గెలుపోటములు తేల్చే ఆటలో) ఆ హోల్ ఓడినట్టే. చేసింది క్యాడీ అయినా చెల్లించేది మీరు, ఎందుకంటే క్యాడీ ఉల్లంఘన ఆటగాడి ఉల్లంఘన కిందే లెక్క.

ఎవరైనా అభ్యంతరం చెబితే

గొంతు పెంచకండి. క్యాడీ ఎక్కడున్నాడు, మీ పాదం అప్పటికి పడిందా, మీరు వెనక్కి తగ్గారా, ఆయనకు మీ కదలిక తెలుసా అన్న నాలుగు సంగతులు అక్కడికక్కడే స్కోరు రాసేవారితో మాట్లాడి గుర్తు పెట్టుకోండి. రౌండు చివర కార్డు ఇచ్చే ముందే కమిటీ దగ్గర విషయం ఎత్తండి. పెనాల్టీ పడిన సంగతి నిజంగా తెలియక కార్డు ఇచ్చేస్తే, తరువాత బయటపడినప్పుడు స్ట్రోకులు కలుపుతారే తప్ప పోటీ నుంచి తీసేయరు. తెలిసీ రాయకపోతే తీసేస్తారు. మ్యాచ్ ప్లేలో అయితే అభ్యంతరాన్ని అప్పటికప్పుడే చెప్పాలి, నాలుగు హోల్స్ తరువాత గుర్తొచ్చిందంటే వినేవారుండరు.

"మనలో మనం, వదిలేద్దాం" అన్న మాట స్నేహంగా వినిపిస్తుంది గానీ, అన్నింటికన్నా ప్రమాదకరమైనది అదే. నిబంధన ఉందని తెలిసి, దాన్ని పట్టించుకోవద్దని ఆటగాళ్లు ఒప్పందానికి వస్తే ఒప్పుకున్నవారందరూ పోటీ నుంచి బయటికే.

మీరు కమిటీలో ఉంటే పని ఇంకొంచెం ఎక్కువ. పెనాల్టీని మాఫీ చేసే అధికారం మీకు లేదు, దుబాయ్‌లో టూర్ అధిపతికే లేనిది మనకు ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్న అధికారమల్లా ముందుగా చెప్పడం. పోటీ రోజు పొద్దున్నే ఆటగాళ్లతో పాటు క్యాడీలను కూడా పిలిచి, మొదటి టీ దగ్గర ఇద్దరిని నిలబెట్టి, ఎక్కడ నిలబడవచ్చో, ఎప్పుడు తప్పుకోవాలో రెండు నిమిషాల్లో చేసి చూపించండి. నోటీసు బోర్డు మీద ఇంగ్లిషులో అంటించిన కాగితం ఈ పని చేయదు.

క్యాడీ లేకుండా గురి కుదుర్చుకోవడం

ఇన్నేళ్లూ ఆయన కళ్ల మీద ఆధారపడ్డవారికి మొదట్లో చేయి విరిగినట్టే ఉంటుంది. గ్రీన్ మీద అయితే బంతి మీద చెరగని సిరాతో ఒక గీత గీసుకోండి. మార్కర్ (బంతి చోటుకు గుర్తుగా పెట్టే బిళ్ల) ముందు బంతిని తిరిగి పెట్టేటప్పుడు ఆ గీతను మీరు కొట్టదలచుకున్న దారికి తిప్పండి. మీరు ఇంకా వెనుక కూర్చునే ఉన్నారు, పాదం పడలేదు కాబట్టి ఆ గీత సరిగ్గా ఉందో లేదో క్యాడీ మీ భుజం మీదుగా చూసి చెప్పవచ్చు. ఆయన సంచీ దగ్గరికి వెళ్లాక పటర్‌ను ఆ గీతకు అడ్డంగా ఆనించి, దాన్నిబట్టి పాదాలు సర్దుకోండి. ఫెయిర్‌వే మీద అయితే బంతి వెనుక నుంచి చూసి, బంతికి ఒక అడుగు ముందు దారి మీద పడే ఎండుటాకునో, రంగు మారిన గడ్డిపోచనో ఎంచుకోండి. నూట యాభై గజాల అవతలి జెండాకు కాకుండా, ముందు ఆ ఆకుకు క్లబ్బు ముఖాన్ని సరిచేసి, తరువాత పాదాలు పెట్టండి. ఆకు అక్కడ సహజంగా పడి ఉన్నదై ఉండాలి, మీరో క్యాడీయో తెచ్చి పెట్టినదైతే పైన చెప్పిన మరో నిబంధన మీద పడుతుంది. నాకు ఈ ఆకు లెక్క కుదరడానికి ఆరు వారాలు పట్టింది. మొదటి రెండు వారాలు బంతులన్నీ కుడికే పోయాయి, మా పెద్దాయన సంచీ పక్కన నిలబడి పెదవి బిగపట్టి చూస్తూ ఊరుకున్నాడు.